అట్టముక్క

రాత్రి పడుకునే ముందు కారు కింద
ఒక అట్టముక్క పరుస్తాను.
మామిడి గుజ్జు డబ్బాలు వచ్చిన పెట్టె అది,
ఒక మూల ఇంకా తోతాపురి కాయ బొమ్మ ఉంది.
తెల్లారి పాలవాడికంటే ముందే దాన్ని లాగి
ఎక్స్‌రే చూసినట్టు వెలుతురుకి ఎత్తుతాను.

నల్లచుక్క ఇంజను ఆయిలు.
పచ్చచుక్క రేడియేటరుది.
చక్రం పక్కన తేనెరంగు మరక కనిపిస్తే
ఆ రోజు ఆటోలోనే బడికి.
గ్రీమ్స్‌పేటలో టైర్ల గుట్ట పక్కన
స్టూలేసి కూర్చోబెట్టి
ఖాదర్‌వలీ దిద్దించిన ఓనమాలివి.
చివరాఖరికి ఒకటి చెప్పినాడు:
"పెట్రోలుకి చుక్కుండదు మేడం.
కారేదీ అదే, తుడుచుకోని పోయేదీ అదే.
దాన్ని ముక్కుతో చదవాల."

తొంభై ఎనిమిది మోడలు.
చక్కెర మిల్లు మూతబడక ముందు
మా మామ చెంగల్రాయులు అందుకున్న ఆఖరి బోనసు.
వేలూరు ఆసుపత్రికి ఎన్ని రాత్రులు పోయిందో లెక్కలేదు.
మామను కూర్చోబెట్టుకోని పోయింది,
పడుకోబెట్టుకోని వచ్చింది.
యామిని పుట్టింది దీని వెనక సీట్లోనే,
కాట్పాడి గేటు పడి, గూడ్సు బండి ఎంతకీ కదలక.
ఇట్లాంటి దాన్ని అమ్ముదామని
ఈ ఇంట్లో ఎవరు నోరు తెరుస్తారు?

పోయినేడు మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు
బానెట్టు సందుల్లోంచి నీలంగా పొగ లేచింది.
వాల్వు మూత వాషరు చచ్చి
కాలే సైలెన్సరు గొట్టం మీద బొట్టు బొట్టుగా ఆయిలు.
"పొగే కదా, మంట కాదు గదా" అన్నాడు సంపత్,
బానెట్టు ఎత్తి టవలుతో విసురుతా.
మా ఇంటి జబ్బులన్నిటికీ
మొదట ఇట్లాంటి పేరే పెట్టుకున్నాం.
మామ దగ్గుకి కూడా.

ఆ శుక్రవారం అట్టముక్క శుభ్రంగా ఉంది.
ఒక్క చుక్క లేదు.
పరీక్ష పాసైన పిల్లలా సంబరపడి
దాన్ని గోడకి ఆనించి వెనక్కి తిరిగితే
అత్త.
పసుపు, కుంకం, బంపరు మీద కనకాంబరాలు.
పళ్ళెంలో కర్పూరం బిళ్ళ అప్పుడే అంటుకుంది.
ఇరవై ఆరేళ్ళుగా ప్రతి శుక్రవారం
ఈ బండికి దిష్టి తగలకుండా తిప్పే ఆరతి.
బానెట్టు ముందు ఒక సుట్టు.
రెండో సుట్టు
కిందికి వంగి, చక్రం దాకా.

అప్పుడు తగిలింది నాకు, ముక్కు లోపల ఎక్కడో,
తియ్యగా, పదునుగా.
అత్తకి తగల్లేదు.
కరోనా వచ్చిపోయినాక ఆమెకి
మల్లెపూలూ తెలీవు, మాడిన పాలూ తెలీవు.

అరిస్తే ఉలిక్కిపడి పళ్ళెం జారవిడుస్తుంది.
ఆరతి కళ్ళకద్దుకునే దానిలాగా
దగ్గరికి పోయి అరచెయ్యి చాపినాను.
చాపి, మూసేసినాను.

"ఏందే ఇది! శుక్రవారం పూట
ఆరతి ఆర్పుతారా ఎవరన్నా?"
జవాబు చెప్పలేదు.
పళ్ళెం తీసుకోని వీధిలోకి నడిచి
మూలింటి జామచెట్టు దాటినాక గానీ
ఊపిరి వదల్లేదు.

ఖాదర్‌వలీ ఆ గొట్టం కోసి
నా బొబ్బ పక్కనే అరచేతిలో పెట్టినాడు.
జానెడు రబ్బరు.
వంచితే, చలికాలం అత్త మడమల మాదిరి పగుళ్ళు,
ఒక పగులులో తడి.
నూట నలభై రూపాయలు. క్లిప్పులకి ఇంకో ఇరవై.
"ఎలక పంటి గాటు కూడా ఉండాది" అన్నాడు,
తెలిసినవాళ్ళ చేతిరాత గుర్తుపట్టినట్టు.

ముందు సీటు కింద ఇప్పుడొక ఎర్ర సిలిండరు చేరింది.
యామిని దాని మీద కాళ్ళు పెట్టుకుంటుంది.
అత్త పది రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.
అయినా శుక్రవారం వస్తే
వాకిట్లో పళ్ళెం పట్టుకోని నిలబడుతుంది.
కర్పూరం ఉంటుంది.
అగ్గిపుల్ల పెట్టె మీద ఆనించే ఉంటుంది.
గీయదు.
నేను బానెట్టు మీదికి వంగి
గాలి లోపలికి పీల్చేదాకా
నా ముక్కు వైపే చూస్తా ఉంటుంది.